అరాచకమంటే ఎవరికి భయం?

‘కలికాలం’ అనే మాట మన ఊళ్లలో ఎప్పుడెప్పుడు వినిపిస్తుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. కొడుకు తల్లికి అన్నం పెట్టకపోతే అంటారు. ఎండాకాలంలో వడగళ్లు పడితే అంటారు. మాదిగ పెళ్లికొడుకు గుర్రమెక్కి ఊరి నడివీధిలో ఊరేగినా అదే మాట అంటారు. మొదటి రెండుచోట్లా అది వట్టి నిట్టూర్పు. మూడోచోట అది బెదిరింపు. లోకం తలకిందులైపోతోందని వాపోయేవాడు, ఆ లోకంలో ఇంతకాలం తాను పైన ఉన్న సంగతి మాత్రం చెప్పడు.

ఈ మాట ఊరివాళ్లు పుట్టించింది కాదు. విష్ణుపురాణం ఆరో అంశంలో కలియుగ లక్షణాలన్నీ వరసగా రాసి ఉన్నాయి. వర్ణాశ్రమాచారాలు నడవవని, శూద్రులు సన్యాసి వేషం వేసుకుని భిక్షతో బతుకుతారని, పాషండ మతాల్లో చేరతారని అందులో ఉంది. పాషండులంటే వేదాన్ని ప్రమాణంగా ఒప్పుకోనివాళ్లు. మనవాళ్లూ ఆ లెక్కలోకే వస్తారు. కాషాయం కట్టిన శూద్రుడు భిక్షాపాత్ర పట్టుకుని వీధిలో నడవడం పురాణకర్తకు యుగాంతంగా కనిపించింది. మనకు అదే దృశ్యం సంఘం. కాబట్టి అరాచకం గురించి ఎవరు ఏం చెప్పినా, అది ఎవరి కంటికి అరాచకమో ముందు అడగవలసి ఉంటుంది.

తెలుగులో అరాచకమనే మాట అరాజకం నుంచి వచ్చింది. రాజు లేకపోవడమని దాని అర్థం. పైన ఒకడు లేకపోతే కింద అంతా నాశనమేనన్న తీర్పు ఆ మాటలోనే ఇమిడి ఉంది. ఇంగ్లీషువాళ్ల ‘కేయాస్’ మొదట్లో అలాంటిది కాదు. క్రీస్తుపూర్వం 700 ప్రాంతంలో గ్రీకు కవి హెసియడ్ దేవతల పుట్టుక గురించి రాసిన కావ్యంలో అన్నిటికంటే ముందు వచ్చింది ఖావోస్ అన్నాడు. ఆవులించిన నోరులా తెరుచుకున్న అగాధమని ఆ మాటకు అర్థం. గందరగోళమన్న అర్థం అప్పటికి దానికి లేదు. దాన్ని ఎవరూ చంపలేదు, జయించలేదు. దాని తర్వాత భూమి వచ్చింది, అంతే. ఏడు వందల ఏళ్ల తర్వాత రోమన్ కవి ఓవిడ్ చేతిలో అదే ఖావోస్ ఒక రూపం లేని ముద్దగా, తమలో తాము పోట్లాడుకునే పదార్థాల కుప్పగా మారింది. ఒక దేవుడు వచ్చి దేని చోటు దానికి చూపించి సర్దిపెట్టాడు. ఓవిడ్ రాసింది అగస్టస్ చక్రవర్తి కాలంలో. దీన్ని కాకతాళీయం అనుకోవాలంటే అనుకోవచ్చు.

అరాచకాన్ని రాక్షసిగా చేసి చంపించిన కథల్లో అన్నిటికంటే దాపరికం లేనిది బాబిలోన్ వాళ్లది. ‘ఎనూమా ఎలిష్’ అనే ఆ కావ్యాన్ని ఏటా కొత్త సంవత్సరం పండుగలో బాబిలోన్ ఆలయంలో చదివేవారు. ఆదిలో తియామత్ అనే ఉప్పునీటి తల్లి ఉంది. ఆమె తన సంతానమైన దేవతల మీద ఆగ్రహించింది. ఆమెతో పోరాడటానికి మర్దుక్ అనే కుర్ర దేవుడు ముందుకు వచ్చాడు. ఊరికే రాలేదు. గెలిస్తే దేవతలందరి మీదా పెత్తనం నాదేనని ముందే షరతు పెట్టాడు. గెలిచాక ఆమె శరీరాన్ని ఎండుచేపను చీల్చినట్టు చీల్చి ఒక సగంతో ఆకాశం చేశాడు. తర్వాత తియామత్ పక్షాన నిలిచిన కింగు అనేవాణ్ని చంపి, వాడి నెత్తుటితో మనుషులను చేయించాడు. మనుషులెందుకు? దేవతల చాకిరీ చేయడానికి. దేవతలు విశ్రాంతి తీసుకోవడానికి. వ్యవస్థ అనేది ఒక హత్యతో మొదలై, కొందరి వెట్టితో నిలబడిందని వాళ్లు ఏ సంకోచమూ లేకుండా రాసుకున్నారు.

మన దేశంలో ఇంద్రుడు వృత్రుణ్ని చంపి నీళ్లు విడిపించిన కథ ఋగ్వేదంలో పదేపదే వస్తుంది. అదే ఋగ్వేదం పదో మండలంలో పక్కపక్కన అనదగ్గంత దగ్గరలో లేకపోయినా, ఒకే మండలంలో రెండు వేర్వేరు సూక్తాలున్నాయి. 129వది నాసదీయ సూక్తం. ఈ సృష్టి ఎలా వచ్చిందో పైనుంచి చూసేవాడికైనా తెలుసో తెలియదో అన్న సందేహంతో అది ముగుస్తుంది. ఆ నిజాయితీకి మనం కూడా గౌరవం ఇవ్వాల్సిందే. 90వది పురుషసూక్తం. పురుషుణ్ని బలి ఇచ్చి, ముక్కలు చేసి, ముఖం బ్రాహ్మణుడైందని, పాదాలనుంచి శూద్రుడు పుట్టాడని అది చెబుతుంది. సందేహించిన సూక్తం మీద ఏ సమాజాన్నీ కట్టలేదు. ముక్కలు చేసిన సూక్తం మీద కట్టారు. మనుస్మృతి మొదటి అధ్యాయం కూడా చీకట్లో మునిగిన లోకంతో మొదలై, కొద్ది శ్లోకాల్లోనే ముఖం, బాహువులు, తొడలు, పాదాల దగ్గరకు వచ్చేస్తుంది.

మనువు భయం ఏమిటో తెలియాలంటే ఏడో అధ్యాయం చూడాలి. రాజు దండం ఎత్తకపోతే బలవంతులు బలహీనులను చేపలను పుల్లకు గుచ్చి కాల్చినట్టు కాలుస్తారని అక్కడ ఉంది. బలహీనుల పక్షాన మాట్లాడుతున్నట్టే ఉంటుంది. కాని వెంటనే వచ్చే శ్లోకంలో అసలు సంగతి బయటపడుతుంది. యజ్ఞంలో పెట్టిన పిండిని కాకి తింటుందట, హవిస్సును కుక్క నాకుతుందట, కిందివాళ్లు పైకి, పైవాళ్లు కిందికి అయిపోతారట. మాత్స్యన్యాయం గురించి ఎంత చెప్పినా ఆ గుండెలోని దిగులు ఇదే. చేప చేపను మింగుతుందని కాదు, కింద ఉన్నవాడు కింద ఉండడేమోనని.

భగవద్గీతలో ఇదే భయం ఇంకో చోట తేలుతుంది. మొదటి అధ్యాయంలో అర్జునుడు యుద్ధం వద్దంటాడు. ఎందుకు? కులం నశిస్తే స్త్రీలు చెడిపోతారని, దానివల్ల వర్ణసంకరం పుడుతుందని. మూడో అధ్యాయంలో కృష్ణుడు తాను కర్మ చేయకపోతే సంకరానికి తానే కారకుణ్నవుతానంటాడు. యుద్ధం చేయాలా వద్దా అన్న దగ్గర ఇద్దరికీ తేడా ఉంది. సంకరమే మహా వినాశనం అన్న దగ్గర ఏ తేడా లేదు. ఆ వినాశనానికి తలుపు ఎక్కడుందని అడిగితే స్త్రీ ఇష్టం దగ్గర ఉందని జవాబు వస్తుంది. కులానికి ఊపిరి స్వకుల వివాహమేనని బాబాసాహెబ్ 1916లో, కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ రాసిన వ్యాసంలో చూపించారు. ఇవాళ కూతురు వేరే కులం కుర్రాణ్ని చేసుకుందని కత్తి పట్టే తండ్రి గీత చదివి ఉండనక్కర్లేదు. ఆ భయం చదువుతో పనిలేకుండానే ఇంటింటికీ చేరింది.

దీనికి జవాబుగా కథను తిరగేసి చెప్పడం మన ఉద్యమాల్లో ఎప్పటినుంచో ఉంది. మహాత్మా ఫూలే 1873లో ‘గులాంగిరి’లో అవతారాల కథలను దండయాత్రల కథలుగా చదివి, బలిని న్యాయంగా ఏలిన రాజుగా నిలబెట్టారు. దాని విలువ తక్కువది కాదు. చంపబడినవాడి వైపునుంచి కథ వినడం ఎలాగో ఆయన నేర్పారు. అయితే నా అభిప్రాయంలో అక్కడే ఆగిపోతే చాలదు. వృత్రుడు మనవాడు, ఇంద్రుడు పరాయివాడు అన్నంత మాత్రాన కథ స్వరూపం మారదు. ఇప్పటికీ అది ఒకరు ఇంకొకరిని చంపి లోకాన్ని చక్కబెట్టే కథే. బుద్ధుడు ఆ కథలోకే దిగలేదు.

ఆయన వాడిన ఉపమానం వేరు. దీఘనికాయంలోని మహానిదాన సుత్తంలో ఆనందుడు ప్రతీత్యసముత్పాదం తనకు చాలా తేలికగా, స్పష్టంగా కనిపిస్తోందంటాడు. అలా అనవద్దని బుద్ధుడు వారిస్తాడు. దాన్ని అర్థం చేసుకోకపోవడం వల్లనే జనం చిక్కుపడ్డ నూలులా, ముడులు పడ్డ దారపు ఉండలా అయిపోయారని చెబుతాడు. రాక్షసికీ చిక్కుకూ తేడా చూడండి. రాక్షసిని చంపడానికి ఒక వీరుడు కావాలి, గెలిచాక వాడికి సింహాసనం ఇవ్వాలి. నూలు చిక్కుపడితే కత్తి పనికిరాదు. అది ఎక్కడ ముడిపడిందో వెతుక్కుంటూ, ఓపిగ్గా వెనక్కి పోవాలి. మగ్గం ఉన్న ఇళ్లలో ఈ పని ఎంత కష్టమో, దీన్ని ఎవరు చేస్తారో తెలిసిందే. ఇంట్లో ఆడవాళ్లు, ముసలివాళ్లు చేస్తారు. వాళ్లమీద కావ్యాలు ఎవరూ రాయరు.

ఆ ముడి ఎక్కడ పడిందో అగ్గఞ్ఞ సుత్తం చెబుతుంది. శ్రావస్తిలో విశాఖ కట్టించిన విహారంలో వాసెట్ఠుడు, భారద్వాజుడు అనే ఇద్దరు బ్రాహ్మణ యువకులు ఉన్నారు. బ్రహ్మ ముఖంనుంచి పుట్టిన కులాన్ని వదిలి బోడిగుండ్లవాళ్లలో కలిశారని తమవాళ్లు తిడుతున్నారని బుద్ధుడికి చెప్పుకున్నారు. బ్రాహ్మణ స్త్రీలు గర్భం దాల్చడం, కనడం, పాలివ్వడం అందరూ చూస్తున్నదే కదా, మరి ముఖంనుంచి ఎవరు పుట్టారని ఆయన అడిగి, ఒక ఆదికథ చెప్పాడు.

ఆ కథలోనూ మొదట అంతా నీరే, చీకటే. సూర్యుడు లేడు, చంద్రుడు లేడు, పగలు రాత్రి లేవు. స్త్రీ పురుష భేదం కూడా లేదు. తియామత్ కథలో యుద్ధం మొదలయ్యే పరిస్థితి ఇదే. ఇక్కడ మాత్రం ఆ నీటిమీద, ఆ చీకట్లో, తమ వెలుగుతో తామే వెలుగుతూ ప్రాణులు హాయిగా ఉన్నాయి. కాచిన పాలు చల్లారితే మీగడ కట్టినట్టు నీటిమీద భూమి కట్టింది. తేనెలా తియ్యగా ఉంది. ఒక ప్రాణి ఆశపడి వేలితో నాకింది. మిగిలినవి చూసి నేర్చుకున్నాయి. తినగా తినగా వెలుగు పోయింది, ఒళ్లు గట్టిపడింది. కొందరు అందంగా, కొందరు అనాకారిగా తయారయ్యారు. అందమున్నవాళ్లు లేనివాళ్లను చిన్నచూపు చూశారు. చివరికి ఊకా తవుడూ లేని బియ్యం నేలమీద వాటంతట అవే పండసాగాయి. సాయంత్రం కోసుకుంటే తెల్లారేసరికి మళ్లీ పండేవి.

అప్పుడొకడు బద్ధకించాడు. పొద్దునా సాయంత్రం పోవడం ఎందుకని రెండు పూటలవీ ఒకేసారి తెచ్చుకున్నాడు. ఇది బాగుందని ఇంకొకడు రెండు రోజులకు తెచ్చాడు. మరొకడు నాలుగు రోజులకు, మరొకడు ఎనిమిది రోజులకు. ఆ దాపుడుతో బియ్యానికి ఊక పట్టింది, కోసినచోట మళ్లీ మొలవలేదు. పొలాలు పంచుకుని గట్లు పెట్టారు. గట్లు పెట్టాక దొంగతనం వచ్చింది, దొంగతనంతో అబద్ధం వచ్చింది, నింద వచ్చింది, కర్రతో కొట్టడం వచ్చింది.

అరాచకం ఆదిలో లేదు. అది గాదెల తర్వాత వచ్చింది. శత్రువుగా చూపడానికి అక్కడ ఏ రాక్షసీ దొరకడు, బద్ధకంగా రెండుపూటల బియ్యం ఒకేసారి తెచ్చుకున్న ఒక మామూలు మనిషి తప్ప.

ఆ గొడవ తీరడానికి ఏ దేవుడూ దిగిరాలేదు. జనం కూడి మాట్లాడుకున్నారు. తమలో ఒకణ్ని ఎన్నుకుని, తప్పు చేసినవాణ్ని మందలించే పని అప్పగించి, అందుకు తలా కొంత ధాన్యం ఇస్తామన్నారు. అందరి సమ్మతితో నిలబడ్డాడు కాబట్టి మహాసమ్మతుడన్నారు. మనువు రాజు దేవతల అంశలతో తయారవుతాడు, ఈ రాజు జీతానికి కుదురుతాడు. మిగతా వృత్తులవాళ్లు కూడా అదే జనంలోనుంచి వచ్చినవాళ్లే, వేరేచోటనుంచి ఊడిపడినవాళ్లు కారని బుద్ధుడు ఒక్కొక్కరి గురించీ మళ్లీ మళ్లీ చెబుతాడు. ఇది ఒట్టి కథగా మిగిలిపోలేదు. బౌద్ధులైన పాల రాజుల వంశం గురించి ఖాలింపూర్ తామ్రశాసనంలో, మాత్స్యన్యాయం పోగొట్టడానికి ప్రజలే గోపాలుడికి రాజ్యలక్ష్మి చేయి పట్టించారని ఉంది. ఎన్నో శతాబ్దాల తర్వాత కూడా ఒక బౌద్ధ రాజవంశం తన అధికారానికి మూలం చెప్పుకునేటప్పుడు ఆ దారి పట్టింది.

చక్కవత్తి సీహనాద సుత్తం ఇంకా సూటిగా వెళుతుంది. ఒక రాజు అన్నీ సవ్యంగా చేశాడు గాని పేదలకు ధనం ఇవ్వలేదు. పేదరికం పెరిగింది. ఒకడు దొంగిలించాడు. బతకలేక చేశానంటే రాజు డబ్బిచ్చి పంపాడు. అది విని ఇంకొందరు దొంగిలించారు. రాజు విసిగి తల నరికించాడు. అది చూసి దొంగలు కూడా కత్తులు చేయించుకున్నారు. అక్కడినుంచి హత్య, అబద్ధం, ద్వేషం ఒకదాని వెంట ఒకటి వచ్చి, మనిషి ఆయుష్షు పదేళ్లకు పడిపోతుంది. ఏడురోజులపాటు మనుషులు ఒకరినొకరు మృగాల్లా చూసి నరుక్కుంటారు. కొందరు మాత్రం నేను ఎవరినీ చంపను, నన్నెవరూ చంపవద్దనుకుని అడవుల్లో, కొండసందుల్లో దాక్కుంటారు. ఏడురోజుల తర్వాత బయటికి వచ్చి, నువ్వింకా బతికే ఉన్నావా అని ఒకరినొకరు కావలించుకుంటారు. లోకం మళ్లీ మొదలయ్యేది ఏ విజేత చేతిలోనో కాదు, ఈ దాక్కున్నవాళ్లతో.

కూటదంత సుత్తంలో మహావిజితుడనే రాజు పెద్ద యజ్ఞం చేస్తానంటే పురోహితుడు ఆపుతాడు. రాజ్యంలో దోపిడీలున్నాయి, వాటిని శిక్షలతో అణచలేవు, మిగిలినవాళ్లు మళ్లీ లేస్తారు అంటాడు. సేద్యం చేసేవాడికి విత్తనాలు, పశువులకు మేత, వర్తకుడికి పెట్టుబడి, కొలువు చేసేవాడికి జీతం ఇవ్వమంటాడు. అలా చేశాక జనం ఇళ్ల తలుపులు తీసిపెట్టి, పిల్లలను చంకనెత్తుకుని ఆడించుకుంటూ బతికారట. అల్లకల్లోలానికి ఎదురుగా బుద్ధుడు నిలిపిన చిత్రం ఇది. తీసిన తలుపు, చంకలో పిల్ల. దండం ఎత్తిన చేయి ఈ చిత్రంలో కనబడదు.

ఇంత దూరం వచ్చాక మహాడ్ గురించి చెప్పకుండా ఉండలేం. 1923లో బొంబాయి శాసనమండలి ప్రభుత్వ నిధులతో నడిచే నీటివనరులను అస్పృశ్యులకూ తెరవాలని తీర్మానించింది. మహాడ్ పురపాలక సంఘం తన చెరువును తెరుస్తున్నట్టు తీర్మానం కూడా చేసింది. చట్టం వీళ్ల వైపే ఉంది. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వెంట వేలమంది వరసగా నడిచి వెళ్లి చవదార్ చెరువులో నీళ్లు తాగారు. గుడిలోకి కూడా వస్తారట అని పుకారు లేచింది. పందిట్లో అన్నం తింటున్నవాళ్ల మీద కర్రలతో పడ్డారు. తిరగబడగల మాజీ సైనికులు అక్కడ ఎంతమంది ఉన్నా, బాబాసాహెబ్ తనవాళ్లను ఆపారు. తర్వాత అగ్రవర్ణాలవాళ్లు 108 కుండల్లో పేడ, మూత్రం, పాలు, పెరుగు కలిపిన నీళ్లు పోసి చెరువును శుద్ధి చేశామన్నారు. వరసగా వెళ్లి నీళ్లు తాగడం అరాచకమా? తింటున్నవాణ్ని కొట్టడం అరాచకమా? మంచినీళ్లలో పేడ పోయడం వ్యవస్థా? ఆ ఏడాది డిసెంబరు 25న అక్కడే మనుస్మృతిని ఎందుకు కాల్చారో ఈ ప్రశ్నలే చెబుతాయి.

మన గడ్డమీద కారంచేడు కూడా నీటి దగ్గరే మొదలైంది. తాము తాగే నీళ్ల దగ్గర గేదెలు కడగవద్దని మాదిగలు అన్నందుకు 1985 జూలై 17న ఆరుగురిని చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. ఇలాంటివి జరిగినప్పుడల్లా అధికారులు వాడే మాట ‘శాంతిభద్రతల సమస్య’. చంపకముందు ఉన్నది శాంతీ భద్రతా అన్నట్టు.

మరి దేవుడూ లేక, పుట్టుకతో వచ్చే స్థానమూ లేక ఏది మనిషిని పట్టి ఉంచుతుంది? ఈ ప్రశ్న మనల్ని అడిగేవాళ్లంతా చెడ్డవాళ్లు కారు. మన ఆంధ్రదేశపు సంప్రదాయం తనవాడిగా చెప్పుకునే ఆచార్య నాగార్జునుణ్ని కూడా ఇదే అడిగారు. మూలమధ్యమకకారిక 24వ అధ్యాయం ఆ ఆక్షేపణతోనే మొదలవుతుంది. అంతా శూన్యమైతే పుట్టుక లేదు, నాశం లేదు, నాలుగు సత్యాలు లేవు, ధర్మాధర్మాలు లేవు, లోకవ్యవహారమంతా కూలిపోతుందని. ఆయన దాన్ని ఎదుటివాడి మీదికే తిప్పాడు. వస్తువుకు మారని స్వభావం ఉందంటేనే ఏదీ కదలదు, ఏదీ పుట్టదు, ఎవరూ బాగుపడరు. స్వభావం లేదు కాబట్టే మార్పు, ప్రయత్నం, మార్గం సాధ్యం. స్వభావమన్న చోట పుట్టుకతో వచ్చిన కులాన్ని పెట్టి చదవండి. శూద్రత్వం స్వభావమైతే విద్య ఎందుకు, శీలం ఎందుకు? ఒక సాతవాహన రాజుకు రాసినదిగా సంప్రదాయం చెప్పే ‘రత్నావళి’లో ఆయనే, ఖైదీలను వదిలే వరకు వాళ్లకు తిండి, స్నానం, మందులు, బట్టలు, క్షురకుడు అన్నీ ఏర్పాటు చేయమని సలహా ఇచ్చాడు. శూన్యం బోధించినవాడు చెరసాలలో మంగలి దాకా ఆలోచించాడు.

బాబాసాహెబ్ ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’లో దీన్నే నైతిక వ్యవస్థ అన్న పేరుతో చర్చించారు. లోకంలో నీతి నిలవాలంటే దేవుడు నడపాలన్న వాదాన్ని పక్కనపెట్టి, అది మనుషులు చేసే కర్మల మీదే ఆధారపడుతుందని, మంచి కర్మ మంచి వ్యవస్థను, చెడు కర్మ చెడు వ్యవస్థను తెస్తుందని బుద్ధుడి మాటగా వివరించారు. ఆయన అరాచకాన్ని ముద్దుచేసిన మనిషి కాదు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో, రాజ్యాంగ మార్గాలు తెరిచి ఉండగా వేరే దారి పట్టడం అరాచకానికి వ్యాకరణం రాయడమేనన్నారు. అదే ప్రసంగంలో పార్లమెంటు పద్ధతులు భిక్షు సంఘాల్లో ఎప్పుడో ఉన్నాయని గుర్తుచేశారు. అదే ప్రసంగంలో, ఓటులో సమానత్వం, బతుకులో అసమానత్వం అనే వైరుధ్యాన్ని త్వరగా తొలగించకపోతే, అసమానతతో బాధపడేవాళ్లు ఈ కట్టడాన్నే పేల్చేస్తారని హెచ్చరించారు. మొదటి మాటను మనకు పాఠంగా వల్లించేవాళ్లు మూడో మాట దగ్గరకు వచ్చేసరికి పేజీ తిప్పేస్తారు.

పేజీ తిప్పే అలవాటు మనలోనూ ఉంది. పంచశీల తీసుకుని, ఇరవై రెండు ప్రతిజ్ఞలు చదివి, ఇంట్లో బుద్ధుడి పటం పెట్టుకున్న కుటుంబాల్లో కూడా పెళ్లి మాటలు వచ్చేసరికి ‘మీరేమిట్లు?’ అన్న ప్రశ్న మెల్లగా వస్తోంది. మాల సంబంధమా, మాదిగ సంబంధమా, అందులో మళ్లీ ఏ శాఖ అని. అడిగేవాళ్లకు మనువు మీద ప్రేమేమీ లేదు. బంధువులు ఏమంటారో, చుట్టరికాలు ఏమైపోతాయో, అంతా కలగాపులగమైపోతుందేమో అన్న దిగులే. వర్ణసంకరమన్న భయం పేరు మార్చుకుని మన వాకిట్లో కూర్చుని ఉంది. 1936లో లాహోర్ సభ కోసం సిద్ధం చేసిన ప్రసంగంలో బాబాసాహెబ్ కులానికి అసలు మందు కులాంతర వివాహమేనని రాశారు. ఆహ్వానించిన జాత్‌పాత్ తోడక్ మండల్ వాళ్లు ప్రసంగపాఠం చదివి, కొన్ని భాగాలు తీసేయమన్నారు. ఆయన ఒక్క కామా కూడా మార్చనన్నారు. కులాన్ని తెంచడానికే పెట్టుకున్న ఆ సంస్థ సభనే రద్దు చేసుకుంది. ఆయన సొంత ఖర్చుతో అచ్చు వేయించుకున్నారు.